దొరకు పెట్టిన పరీక్ష

పోయినవాళ్ళు ఎక్కడికీ పోరనీ, ఏ గడప దాటి వెళ్ళారో ఆ గడపలోకే కడుపు వెతుక్కుంటూ తిరిగి వస్తారనీ ఒక నమ్మకం ఉంది. పుట్టిన బిడ్డ చెవి చూసి తాతగారంటారు. అరికాలి మచ్చ చూసి మేనత్త అంటారు. ఈ నమ్మకం ఇంతకాలం నిలబడడానికి ప్రధాన కారణం, దీన్ని ఓడించే దారి ఎవరికీ లేకపోవడమే. చెవి కలవకపోతే ముక్కు ఉంటుంది, ముక్కూ కలవకపోతే మొండితనం ఉండనే ఉంటుంది. పోయినవాడు తన ఆనవాళ్ళను కొలవదగిన రూపంలో వదిలి వెళ్ళడు కనుక, వచ్చినవాడు అతడేనా కాదా అన్నది తేలదు. ఇక్కడ చెప్పబోయే ఇంట్లో మాత్రం పోయినవాడు అలాంటి ఆనవాలు వదిలి వెళ్ళాడు. అది ఒక ఆసుపత్రి శీతలపెట్టెలో, చిటికెనవేలంత గాజుగొట్టంలో, భద్రంగా ఉంది.

పోయినవాణ్ణి ఇంట్లో దొర అనేవారు. కండరాలు ఒక్కొక్కటే బలం కోల్పోయే జబ్బుతో పుట్టాడు. బడికి వెళ్ళే వయసులో నడక పోయింది, తర్వాత చేతులు, చివరికి ఊపిరి. చక్రాల కుర్చీలో కూర్చుని ఇల్లంతటికీ పనులు పురమాయించేవాడు కనుక ఆ పేరు వచ్చింది. "దొరగారికి వీపు దురద పుట్టింది, ఎవరక్కడ?" అని తన గురించి తానే కేకవేసేవాడు. ఆ జబ్బు తల్లి వైపు నుంచి కొడుకులకు సంక్రమిస్తుంది; కూతుళ్ళు దాన్ని మోస్తారు గాని సాధారణంగా దాని పాలబడరు. దొరకు ఒక చెల్లెలు. అన్న తనంతట తాను ఒత్తిగిలలేడు కనుక, నిద్రలో అతణ్ణి ఒక పక్కనుంచి మరో పక్కకు తిప్పే పని ఆమెకు అప్పగించారు. అతడు పోయేనాటికి ఆమె కాలేజీలో చేరింది. ఆ తర్వాత కొద్దికాలానికే తల్లి కూడా పోయింది.

తండ్రిది తాళాల కర్మాగారం. ఆయన దొర గదిని తీసివేయలేదు. మంచం అలాగే ఉంది. మంచం పక్కన ఊపిరి యంత్రం ఉంది. వాడకపోతే చెడిపోతుందంటూ అప్పుడప్పుడు దాని మీట నొక్కుతాడు. గొట్టం చివర ముఖం లేకుండా యంత్రం నిదానంగా గాలి నింపుతుంది, ఠక్కున వదులుతుంది. పక్కగదిలో ఎవరైనా మాట్లాడుతూ ఉంటే, ఆ చప్పుడు మొదలవగానే మాట మధ్యలో ఆపేస్తారు.

కొడుకు పోయాక ఆయన ఒక నిధిని నెలకొల్పి, ఒక డాక్టరమ్మ నడుపుతున్న ప్రయోగశాలకు ఊతమిచ్చాడు. గర్భంలో ప్రవేశపెట్టకముందే పిండంలో ఫలానా ఒక్క జబ్బు ఉందో లేదో చూడడం అప్పటికే అందరికీ తెలిసిన పద్ధతి. డాక్టరమ్మ తలపెట్టింది అంతకన్నా పెద్ద పని. పిండం నుంచి తీసిన కొద్ది కణాలతో దాని వారసత్వం మొత్తాన్ని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తప్పుల్లేకుండా చదవాలన్నది ఆమె సంకల్పం. ఇలాంటి వాటికి ప్రభుత్వాలు చేయి విదల్చవు. కంపెనీలు విదలుస్తాయి, కాని బిడ్డ ఎత్తునూ రంగునూ తెలివినీ అమ్మకానికి పెట్టాలంటాయి. "పిల్లల్ని కొలతలిచ్చి కుట్టించుకునే దుకాణం నేను తెరవను," అని డాక్టరమ్మ వాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టగలిగిందంటే, అది తాళాల పెద్దాయన పుణ్యమే. తొలి దశ ముగిసింది. రెండో దశకు ఆయన సంతకం కావాలి.

నిధికి సలహాదారు ఆయన చిన్ననాటి స్నేహితుడు, గణాంకశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారు. నమ్మకం అన్న మాట ఎక్కడ వినిపించినా ఆయన ఒక పరీక్ష ప్రతిపాదిస్తాడు. బల్ల మీద అరచేతులు పెట్టి ఆత్మలతో మాట్లాడేవాళ్ళ చేతులకు పిండి పూయించి, వేళ్ళ గుర్తులు చూపించి, వాళ్ళను ఊరు విడిచిపోయేలా చేసిన చరిత్ర ఆయనది.

దొర చెల్లెలు ఇప్పుడు చిన్నపిల్లల వినికిడిని పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. భర్త లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. ఆమె ఆ జబ్బును మోస్తున్నదని తేలాక దంపతులిద్దరూ డాక్టరమ్మ దగ్గరకే వెళ్ళారు. ఆరు పిండాలు ఏర్పడ్డాయి. ఆ కబురు చెప్పడానికి వచ్చిన కూతురినీ అల్లుడినీ పెద్దాయన భోజనానికి కూర్చోబెట్టాడు.

"ఆరుగురున్నారటగా," అన్నాడు.

"ఆరుగురు కాదు నాన్నా. ఆరు పిండాలు."

"ఏదో ఒకటిలే. అందులో మన దొర ఎవడో చూడమని డాక్టరమ్మకు చెప్పాను."

అల్లుడు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "చూడ్డమేంటి మామయ్యగారూ?"

"వాడి రక్తంలోంచి తీసింది దాచారు కదయ్యా. పక్కపక్కన పెడితే తెలిసిపోదూ? జీవితమంతా తాళాలు చేసినవాణ్ణి. ఏ చెవి ఏ తాళానిదో నాకు నువ్వు చెప్పాలా?"

"నిధి పెట్టింది ఇంకొకరింట్లో ఇలా జరక్కూడదనే కదా?" అంది కూతురు.

"అదీ ఉంది." అన్నం కలుపుతూ అన్నాడు. "వాడు రావడానికి ఒక దారి వెయ్యాలి కదే. దారి వేస్తే పదిమందీ నడుస్తారు, నడవనీ. నేను వేసింది మాత్రం వాడి కోసం."

"అంటే, నేను అన్నయ్యను కనాలా?"

"మరి ఇంకెవరు కంటారు? మీ అమ్మ ఉందా?"

ఇంటికి వెళ్ళే దారిలో ఆమె భర్తతో ఒకే ఒక మాట అంది. "నాకు నా బిడ్డ కావాలి. వాడికి ఎవరి పేరూ వద్దు." మర్నాడే పెద్దాయన డాక్టరమ్మకు తన షరతు చెప్పి పంపాడు: దొరను గర్భంలో పెడితేనే రెండో దశకు సంతకం.

డాక్టరమ్మ గదిలో, కూతురు కూడా ఉండగా, ఆ సంగతి విని మాస్టారు ముందు నవ్వాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"వాణ్ణి వాదించి గెలవలేం. ఓడిపోయేలా చేయాలి. ఆరింటినీ వాడికి చూపిద్దాం. తన కొడుకు ఎవడో వాడే కళ్ళతో చూసి గుర్తుపట్టాలి. వేరే గదిలో, వాడు దేన్ని ఎంచాడో తెలియనివాళ్ళు లెక్క తీస్తారు, దొరతో ఎక్కువగా కలిసే పిండం ఏదో. రెండూ ఒకటి కాకపోతే ఇక ఆ ఊసెత్తననీ, షరతు మానుకుంటాననీ ముందే మాట తీసుకుంటాను. మాటకు మాత్రం వాడు కట్టుబడతాడు."

"ఎక్కువగా కలిసేది అంటూ ఒకటి ఉండి తీరుతుందిగా?" అంది డాక్టరమ్మ. "ఆరుగురు అన్నదమ్ముల్లో ఒకడు పొడుగ్గా ఉన్నట్టే. మేనమామతో పోలిక సగటున నాలుగోవంతు. ఒకదానికి కాస్త ఎక్కువ, ఒకదానికి కాస్త తక్కువ. అందులో మహత్తు ఏముంది?"

"ఏమీ లేదు. అందుకే గుర్తుపట్టలేడు."

"ఒక్కసారి చూపించి అడిగితే అది పరీక్షేనా మాస్టారూ? నమూనా చాలదని మా వ్యాసాలను తిప్పికొట్టింది మీరే."

"అది శాస్త్రానికి. ఇది ఒక మొండివాడికి. ఆరింట ఐదుపాళ్ళు ఓడిపోయేవాడికి ఒక్కసారి చాలు."

"ఆ ఆరోపాలు పడితే?"

"శుభమా అని మొదలుపెడుతుంటే అపశకునం పలుకుతారేమిటండీ!" అన్నాడు మాస్టారు. అన్నాక తానే నాలుక కరుచుకున్నాడు. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది.

కూతురు నవ్వలేదు. "బాబాయ్, మా దగ్గర ఒక పద్ధతి ఉంది. శబ్దం వినిపిస్తే చెయ్యెత్తమని పిల్లలకు చెప్తాం. మధ్యమధ్య ఏ శబ్దమూ ఇవ్వం. అయినా కొందరు చెయ్యెత్తుతారు. వాళ్ళు అబద్ధమాడరు. వాళ్ళకు నిజంగానే వినిపిస్తుంది."

"మీ నాన్న ఆ రకమే తల్లీ."

"నాన్న గురించి కాదు నేను చెప్పేది." ఆమె అంతటితో ఆపింది. "ఓడిపోతే ఇక ఆ మాట ఎత్తరుగా?"

"ఎత్తడు. నాది పూచీ."

"అయితే కానివ్వండి," అంది.

పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడు, పైగా ఆలస్యమెందుకన్నాడు. ప్రయోగశాలలో పిండాలు పెరిగే పెట్టెలో కెమెరా ఉంటుంది. అది కొద్ది కొద్ది వ్యవధిలో తీసిన చిత్రాలను వరసగా కలిపితే ఐదు రోజుల ఎదుగుదల కొన్ని క్షణాల్లో కళ్ళముందు జరిగిపోతుంది. పిండాల గుర్తులు మార్చేశారు. తెర దగ్గర కూర్చున్న ఉద్యోగినికి కూడా ఏది ఏదో తెలియదు. గదిలో పెద్దాయన, మాస్టారు, వెనకగా గోడకు ఆనుకుని కూతురు, అల్లుడు ఉన్నారు.

మొదటిది కదిలింది. ఒక కణం రెండయింది, రెండు ముద్దయ్యాయి, ముద్దలోకి నీరు చేరి, ఒక అంచున చిన్న గుంపును మిగుల్చుకుని, గుండ్రని బుడగ అయింది. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "కాదు," అన్నాడు. రెండోది. "కాదు." మూడోది కాస్త ఆలస్యంగా ఎదిగింది. "పాపం," అన్నాడు, అంతే. మాస్టారు చేతులు కట్టుకుని పైకప్పు వంక చూస్తున్నాడు.

నాలుగోది బుడగ అయింది. అయ్యాక ఉన్నట్టుండి ముడుచుకుపోయింది. తిరిగి నిదానంగా నిండింది. నిండి, ఠక్కున ముడుచుకుంది. మళ్ళీ నిదానంగా నిండసాగింది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"మిగతావి చూడవా?" అన్నాడు మాస్టారు.

"అక్కర్లేదు. ఊపిరి చూడరా. వాడిదే."

"అది ఊపిరి కాదు. లోపలి నీరు కారిపోయి ముడుచుకుంటుంది, మళ్ళీ చేరుతుంది. చాలా పిండాలకు మామూలే."

"మామూలే. దొరకూ మామూలే."

ఆ వాదన కూతురు వినలేదు. తండ్రి లేవకముందే ఆమె చెయ్యి భర్త చొక్కాను గుప్పిట పట్టింది. తెర మీది బుడగ ముడుచుకున్న ప్రతిసారీ ఆమె తన ఊపిరి బిగబట్టి, అది నిండేదాకా వదలలేదు. భర్త ఆ గుప్పిట విప్పబోయాడు. విప్పడం అతని చేత కాలేదు.

సాయంత్రానికి పక్కగది లెక్క వచ్చింది. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు సరిచూసుకుని వచ్చి చెప్పింది. దొరతో అన్నింటికన్నా ఎక్కువగా కలిసినది నాలుగోదే. ఇంకో సంగతి కూడా చెప్పవలసి వచ్చింది. ఆరింటిలో జబ్బు గాని, దాన్ని మోసే గుణం గాని లేనివి రెండే. రెండూ మగపిండాలే. ఒకటి ఐదోది. ఇంకొకటి ఈ నాలుగోది.

"రోగం లేకుండా వచ్చాడు," అన్నాడు పెద్దాయన. "తిరిగి వచ్చేవాడు బుద్ధిలేక అదే రోగం తెచ్చుకుంటాడా?"

"ఇది కాకతాళీయం," అన్నాడు మాస్టారు. ఆయన గొంతు కాస్త పెద్దదైంది. "పాచిక వేస్తే ఆరు పడదా? పడుతుంది. మళ్ళీ చేద్దాం. గుర్తులు మార్చి, వేరే చిత్రాలతో..."

"ఎన్నిసార్లు రావాలిరా వాడు, నువ్వు నమ్మడానికి?"

ఒక్కసారి చాలన్నది తానే కనుక మాస్టారు కూర్చుండిపోయాడు. వేరే చిత్రాలు లేవు. ఉన్నవి ఆ ఆరే.

ఆ వారమంతా దంపతులు ఒకే సంభాషణను వంటగదిలో మొదలుపెట్టి పడకగదిలో ఆపుతూ వచ్చారు.

"వద్దనడానికి మన దగ్గర కారణమేముంది?" అన్నాడు భర్త. "జబ్బు లేదు. ఎదుగుదల బాగుంది. మీ నాన్న లేకపోయినా డాక్టరమ్మ ఆ రెండిట్లోంచే తీసేది."

"నాకు భయం. అది కారణం కాదా?"

"నాకు కారణమే. ఆయనకు కాదు. ఏ లోపమూ లేని లిఫ్టును ఎక్కనని ఎవరైనా అంటే, నేను ఏమని రాయను చెప్పు?"

"ఎక్కేవాళ్ళకు భయం వేసిందని రాయి."

"అలా రాస్తే ఊళ్ళో ఒక్క లిఫ్టూ నడవదు." అతడు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "మనం కాదంటే ఆయన సంతకం పెట్టరు. ప్రయోగశాల ఆ దుకాణంవాళ్ళ చేతికి పోతుంది."

ఆమెకు అది తెలుసు. డాక్టరమ్మ వరండాలో తనతో పాటు కూర్చున్న ఆడవాళ్ళు తెలుసు. వాళ్ళలో ఒకామె ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని, మూడోసారి ధైర్యం చేయడానికి ఆ రెండో దశ కోసమే ఎదురుచూస్తోంది. తెర మీద బుడగ నిండుతూ ఉంటే, అన్నయ్య గదిలోని రబ్బరు గొట్టం వాసన తన ముక్కుకు తగిలిన మాట ఆమె భర్తకు చెప్పలేదు. ఆ వాసన అప్పటినుంచీ పోవడం లేదని కూడా చెప్పలేదు.

వారం చివర ఆమె ఒక్కతే తండ్రి దగ్గరకు వెళ్ళింది.

"నాలుగోది, ఐదోది, రెండూ బాగున్నాయి నాన్నా. ప్రయోగశాలలో ఎవరో ఒకరు చీటీ తీసి, వచ్చినదాన్ని పెడతారు. ఏది పెట్టారో నీకూ తెలియదు, నాకూ తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు."

"అదేం కుదరదు."

"ఎందుకు కుదరదు? వాడు రావాలనుకుంటే చీటీలోనూ వాడే వస్తాడు. ఆరుగురిలోంచి నీ కంట పడ్డవాడు ఇద్దరిలోంచి నా కడుపున పడలేడా? నువ్వు చెయ్యి పట్టి లాక్కురావాలా?"

తన నమ్మకాన్నే తనకు తాళంగా బిగించారని పెద్దాయనకు అర్థమైంది. కాదంటే నమ్మకం లేనట్టు.

"మీ బాబాయ్ నేర్పాడా ఈ మాట?"

"లేదు నాన్నా. నాకే తోచింది."

"అచ్చం మీ అన్న వాదించినట్టే వాదించావు," అన్నాడాయన. "సరే. వాడే వస్తాడు." రెండో దశకు ఆ రోజే సంతకం చేశాడు.

చీటీ తీశారు. పిండం నిలిచింది. నెలలు నిండి మగబిడ్డ పుట్టాడు. తాత వాణ్ణి రెండు చేతులా అందుకుని, "దొరగారూ, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. అప్పటినుంచి ఆయన రోజూ వచ్చేవాడు. ఊయల పక్కన కూర్చుని పిల్లవాడి ఛాతీ లేచి పడడం చూసేవాడు. వాడు పాలు కక్కితే దొరలా కక్కాడు, తుమ్మితే దొరలా తుమ్మాడు. కూతురు వాడికి పెట్టిన పేరు ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. "వీడికి ఇంకో పేరుంది నాన్నా," అని ఆమె అంటే, "ఉండనీ, బడిలో వాడుకుంటాడు," అనేవాడు.

ఒక మధ్యాహ్నం భర్త పని నుంచి తొందరగా వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె నిద్రపోతున్న బిడ్డ నడుము కింద ఒక చెయ్యీ, భుజం కింద ఒక చెయ్యీ పెట్టి, ఒడుపుగా, చప్పుడు కాకుండా, అవతలి పక్కకు తిప్పుతోంది. మోకాళ్ళ మధ్య చిన్న గుడ్డ మడిచి పెట్టింది.

"వాడు తిరగగలడు," అన్నాడు భర్త మెల్లగా.

"తెలుసు."

"మరి?"

"నా చేతులకు తెలియడం లేదు."

మర్నాడు ఆమె మాస్టారుకు ఫోన్ చేసి ప్రయోగశాలకు రమ్మంది.

"తెలియకూడదన్నది నీ షరతే కదమ్మా," అన్నాడాయన వరండాలో. "నాలుగోదని తేలితే ఏం చేస్తావు? ఇప్పుడు కనీసం అనుమానమనే నీడ ఉంది. అదీ పోతుంది."

"తెలియకపోతే నేను ఇద్దర్ని పెంచుతున్నాను బాబాయ్. ఒకణ్ణి ఎత్తుకుంటే ఇంకొకడు ఏడుస్తున్నట్టుంది."

డాక్టరమ్మ లోపలికి వెళ్ళి, పిండాలను గడ్డకట్టించి దాచే తొట్టిలో ఆ రెండింటిలో మిగిలిన పిండం గుర్తు చూసి వచ్చింది. మిగిలింది నాలుగోది. పుట్టినవాడు ఐదోవాడు. దొరతో వాడికి ఉన్న పోలిక ఆరింటిలోకీ తక్కువ.

కూతురు డాక్టరమ్మను అడిగింది. "అక్కడ అది ఇంకా అలా చేస్తుందా? నిండడం, ముడుచుకోవడం?"

"లేదమ్మా. ఆ చలిలో ఏదీ కదలదు."

ఆ సాయంత్రం తండ్రి పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉండగా ఆమె సంగతి చెప్పింది. మాస్టారు పక్కనే ఉన్నాడు. పెద్దాయన కోప్పడలేదు, లెక్క తప్పనలేదు. వింటున్నంతసేపూ పిల్లవాడి వీపు మీద ఆయన చెయ్యి కదలకుండా ఉంది.

"అయితే వాడు ఎక్కడున్నాడు?"

"తొట్టిలో ఉంది నాన్నా. ప్రయోగశాలలో."

"ఇన్నాళ్ళూ? ఆ చలిలో?"

ఆయన లేచి, పొరపాటున తన ఇంటికి చేరిన వస్తువును ఆసామికి అప్పగించినట్టు, బిడ్డను అల్లుడి చేతుల్లో జాగ్రత్తగా పెట్టాడు. చెప్పులు వేసుకున్నాడు. ప్రయోగశాల ఈ వేళకు మూసేస్తారని అల్లుడు అన్నాడు. ఆయన వెళ్ళాడు.

ప్రయోగశాల రెండో దశ పూర్తి చేసింది. పద్ధతి పనిచేసింది. ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్నామెకు ఆరోగ్యంగా ఆడపిల్ల పుట్టింది. తొట్టికి ఎన్నడూ కరెంటు పోకుండా, ద్రవం తగ్గకుండా పెద్దాయన శాశ్వతంగా ఏర్పాటు చేశాడు. తొట్లున్న గది బయట ఆయన కోసం ఒక కుర్చీ వేశారు. ఎక్కువ రోజులు ఆయన అక్కడే ఉంటాడు. మనవడికి నడక వచ్చింది. ఆయన ఇప్పుడు వాణ్ణి వాడి సొంత పేరుతోనే పిలుస్తాడు, ఎత్తుకోడు. నాలుగో పిండాన్ని గర్భంలో పెట్టడానికి గాని, పారవేయడానికి గాని కూతురి సమ్మతి కావాలి. డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. ఆమె దేనికీ సమ్మతి ఇవ్వలేదు.